చౌడు జాగకు గంగరావి: గింజ నుంచి చెట్టు దాకా

ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాల్వ కింది ఊళ్లలో జాలు పట్టి చౌడు తేలిన గుంటలు చాలాచోట్ల కనిపిస్తాయి. కాల్వ నుంచి ఊరిన నీరు భూమిలో పైకి చేరుతుంది. ఎండాకాలం ఆ నీరు ఆవిరైపోయి, అందులో కరిగిన ఉప్పు మట్టి మీద మిగులుతుంది. అక్కడ వరి నారు పసుపు తిరిగి ఎండిపోతుంది, మక్క మొలవదు, చివరికి పడావు పెడతారు. పడావు పడ్డ జాగలోకి సర్కారు తుమ్మ ఎవరూ పిలవకుండానే వచ్చేస్తుంది. అది రాకముందే అక్కడ నిలబెట్టగల మన చెట్లలో గంగరావి ఒకటి.

గంగరావి సముద్రతీరపు చెట్టు. శాస్త్రీయ నామం థెస్పీసియా పాపుల్నియా. మడ అడవుల అంచుల్లో, ఉప్పుగాలి తగిలే ఇసుక నేలల్లో సహజంగా పెరుగుతుంది. నీడ కోసం లోపలి జిల్లాల్లో కూడా రోడ్ల పక్కన, ఆఫీసుల ఆవరణల్లో నాటుతుంటారు. ఆకు రావి ఆకును పోలి ఉంటుంది కానీ కొన తోకలా సాగదు. పువ్వు బెండపువ్వులా పసుపుగా విచ్చి, వాడేసరికి ఎర్రబారుతుంది. పత్తి, బెండ, మందారం కుటుంబమే. ఈ బంధుత్వం వల్ల పెంచేవాళ్లకు ఒక లాభం, ఒక చిక్కు ఉన్నాయి. రెండూ కింద వస్తాయి.

ఉప్పు ఓర్చుకునే చెట్టు కదా అని గింజను నేరుగా చౌడులో పెడితే పని చెడుతుంది. ఉప్పును ఓర్చేది వేరు దిగిన మొక్క, మొలక కాదు. మట్టిలో ఉప్పు ఎక్కువైతే పక్కనే తడి ఉన్నా గింజ నీరు పీల్చుకోలేదు. తీరంలో కాయ నెలల తరబడి ఉప్పునీళ్లలో తేలినా గింజ చావదు, కానీ బాగా మొలిచేది వాననీళ్లు తగిలాకే. కాబట్టి మంచి మట్టిలో, మంచినీళ్లతో మొక్కను పెంచి, తర్వాత ఉప్పుకు అలవాటు చేసి, వాన ఉప్పును కిందికి తోసిన రోజుల్లో నాటాలి. ఈ వరుస తప్పితే మిగతా జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా లాభం ఉండదు.

ముందు చౌడు ఏ రకమో తేల్చుకోండి

పాలచౌడు, కారుచౌడు రెండింటినీ చౌడు అనే అంటాం కానీ మందు వేరు. పాలచౌడు ఎండాకాలం తెల్లటి పొరలా పైకి తేలుతుంది, కాలు పెడితే మట్టి పొడిపొడిగా, మెత్తగా దిగుతుంది. కారుచౌడు నల్లగా ఉంటుంది. తడిస్తే జారుతుంది, ఎండితే గడ్డపారకు కూడా లొంగదు, వాన పడితే నీరు ఇంకక రోజుల తరబడి బురదగా నిలుస్తుంది. పాలచౌడులో కష్టం ఉప్పు ఎక్కువ కావడం. కారుచౌడులో సోడియం మట్టి రేణువులకే అంటుకుని ఉంటుంది, అందుకే మట్టి కట్టు విడిపోతుంది.

ఇంట్లో తేల్చుకోవడానికి ఒక సీసా చాలు. పిడికెడు ఎండిన మట్టిని వాననీళ్లలో గానీ వాటర్ ప్లాంటు నీళ్లలో గానీ వేసి, మెల్లగా తిప్పి, ఒక రోజు కదపకుండా పెట్టండి. నీరు తేటపడితే పాలచౌడు కావచ్చు. మరుసటి రోజు కూడా చాయ నీళ్లలా మడ్డిగానే ఉంటే సోడియం పని అది. దీనికి బోరు నీళ్లు వాడొద్దు, అందులోని లవణాలే మట్టిని కిందికి దించి తప్పు చూపిస్తాయి.

దీంతో సరిపెట్టకుండా మే నెలలో, ఉప్పు బాగా పైకి వచ్చినప్పుడు, మట్టి నమూనా తీసి పరీక్షకు పంపండి. పైన జానెడు లోతు మట్టి ఒక పొట్లం, రెండు అడుగుల లోతు మట్టి ఇంకో పొట్లం. వరంగల్‌లోనూ, జగిత్యాల దగ్గర పొలాసలోనూ వ్యవసాయ విశ్వవిద్యాలయపు ప్రాంతీయ పరిశోధన స్థానాలు ఉన్నాయి. ఎక్కడ పరీక్ష చేయించాలో మండల వ్యవసాయ అధికారి చెబుతారు. రిపోర్టులో రెండు అంకెలు చూడండి: ఉదజని సూచిక (పీహెచ్), ఈసీ (విద్యుత్ వాహకత, ఉప్పు ఎంతుందో చెప్పే అంకె). ఉదజని సూచిక 8.5 లోపు ఉండి ఈసీ ఎక్కువగా ఉంటే పాలచౌడు. 8.5 దాటితే కారుచౌడు వైపు. ఈసీ దగ్గర ఒక మెలిక ఉంది. పుస్తకాల్లో కనిపించే 4 డెసీసైమన్ల హద్దు, నీళ్లతో ముద్దగా కలిపిన మట్టి నుంచి పిండి తీసిన నీటిది. మన ల్యాబుల్లో సాధారణంగా ఒక వంతు మట్టికి రెండు, రెండున్నర వంతుల నీళ్లు కలిపి కొలుస్తారు, అంకె చాలా తక్కువ వస్తుంది. అలాంటి రిపోర్టులో 1 దాటినా జాగ్రత్త పడాలి.

పాలచౌడు గంగరావికి అనువైన జాగ. ఉదజని సూచిక 8.5 దాకా కూడా సర్దుకుంటుంది. 9 దాటిన కారుచౌడులో దీని మీద డబ్బు, శ్రమ పెట్టకపోవడమే మేలు. అక్కడ నల్లతుమ్మ, కానుగ నయం. ఏడాదిలో ఎక్కువ నెలలు నీరు నిలిచే గుంట కూడా దీనికి పనికిరాదు. కొద్ది రోజుల ముంపు తట్టుకుంటుంది కానీ వేరు ఎప్పుడూ నానుతుంటే కుళ్లుతుంది.

ఇక చిక్కు సంగతి. గంగరావి పత్తికి దగ్గరి చుట్టం కాబట్టి పత్తి పురుగులకూ చుట్టమే. కాయల మీద ఎర్రటి పత్తి నల్లులు గుంపులుగా చేరి గింజల రసం పీలుస్తాయి. గులాబీ రంగు పురుగు, పిండినల్లి కూడా దీని మీద బతుకుతాయి. పత్తి కట్టె పీకేశాక, చేలో పంట లేని నెలల్లో పురుగుకు ఆసరా దొరకకూడదనే కదా గులాబీ పురుగు విషయంలో అందరూ చెప్పేది. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తోలే ఊళ్లలో చేను గట్టు మీద గంగరావి పెట్టడం మంచి ఆలోచన కాదు. జాలు భూములు ఎక్కువగా వరి కిందివే కాబట్టి చాలామందికి ఈ బాధ ఉండదు. పత్తి చేను ఆనుకునే ఉంటే కానుగ పెట్టుకోండి.

కాయలు, గింజలు

కాయ గుండ్రంగా, పైనా కిందా కాస్త అణిగి, అంగుళం నుంచి అంగుళంన్నర అడ్డం ఉంటుంది. పత్తికాయలా పగలదు. పండి నల్లబారి, తోలులా ఎండి, నెలల తరబడి కొమ్మకే వేలాడుతుంది. సంక్రాంతి తర్వాత చూస్తే ఎండిన కాయలు దొరుకుతాయి. ఆకుపచ్చగా, పసుపుగా ఉన్నవి తెంపొద్దు. వాటిని కోస్తే పసుపు జిగురు కారి చేతులకు, బట్టలకు మరక పడుతుంది, గింజ కూడా ముదిరి ఉండదు. నేల మీద రాలి చాలా రోజులు పడి ఉన్న కాయలు ఏరినా సగం పుచ్చువే. చెట్టు మీద నల్లగా ఎండినవే తెచ్చుకోండి. వీలైతే ఐదారు చెట్ల నుంచి కలిపి తెస్తే మంచిది, ఒకే చెట్టు గింజలైతే ఆ చెట్టు లోపాలన్నీ మొక్కలకు వస్తాయి.

కాయలను నీడలో మూడు నాలుగు రోజులు ఆరబెట్టి, గోనెపట్టా మీద పోసి, చెక్కతో మెల్లగా తట్టండి. బలంగా కొడితే గింజ నలుగుతుంది. కొన్ని కాయలను చేత్తోనే విప్పాలి, ముందు కాస్త నూనె రాసుకుంటే జిగురు పట్టదు. ఒక్కో కాయలో ఎనిమిది పది గింజలు ఉంటాయి. గింజ గోధుమ రంగులో, సన్నని నూగుతో, ఒక వైపు మొనదేలి, ఇంకో వైపు గుండ్రంగా ఉంటుంది. వంద మొక్కలు కావాలంటే రెండు వందల గింజలు, అంటే పాతిక ముప్పై కాయలు తెచ్చుకోవాలి. మూడింట రెండు వంతులు మొలిస్తే బాగా మొలిచినట్టే.

వడ్లను ఉప్పునీళ్లలో వేసి తేలినవి తీసేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. సముద్రం మీద తేలుతూ పోయి మొలిచే జాతి ఇది, మంచి గింజ కూడా తేలుతుంది. తేలినవన్నీ పారబోస్తే మంచి గింజలే పోతాయి. దాని బదులు రాశిలోంచి చేతికి వచ్చిన పది గింజలు తీసి బ్లేడుతో నిలువునా కోసి చూడండి. లోపల పప్పు తెల్లగా, నిండుగా, గట్టిగా ఉండాలి. గోధుమ రంగులో ముడుచుకుపోయి ఉంటే ఎర్రనల్లి పీల్చిందన్నమాట. పదింటిలో నాలుగైదు అలా ఉంటే ఆ చెట్టు కాయలు వదిలేయండి. వెంటనే విత్తకపోతే బాగా ఆరిన గింజను మూత బిగుతుగా ఉండే డబ్బాలో, చల్లటి చోట పెట్టి, ఏడాది లోపు వాడేయండి.

పెంకు గీకడం

గింజ పెంకు గట్టిది. అలాగే విత్తినా మొలుస్తుంది కానీ ఒకటి పది రోజులకు, ఇంకొకటి నెలకు వస్తుంది. నర్సరీలో ఈ ఎగుడుదిగుడుతోనే తలనొప్పి: పెద్ద మొక్క నీడలో చిన్నది ఎదగదు, నీళ్ల లెక్క ఏ మొక్కకూ సరిపోదు. పెంకు గీకితే వారం పది రోజుల్లో మొదలై దాదాపు అన్నీ కలిసి వస్తాయి.

గీకేటప్పుడు ఏ వైపు అన్నదే ముఖ్యం. మొదట్లో చెప్పిన బంధుత్వపు లాభం ఇక్కడే: పత్తి గింజలో వేరు మొనదేలిన కొస నుంచే వస్తుంది, దీనికీ అంతే. కాబట్టి మొనను ముట్టుకోవద్దు. గుండ్రటి వైపు గోళ్లు కత్తిరించే కట్టర్‌తో మిల్లీమీటరు ముక్క తుంచండి, లేదా గరుకు సాండ్‌పేపర్ మీద నాలుగైదు సార్లు రుద్దండి. లోపలి తెల్లదనం సూది మొనంత కనిపిస్తే ఆపేయాలి. ఇంకా లోతుకు పోతే పప్పు తెగి మట్టిలో కుళ్లుతుంది. రెండు వందల గింజలకు ఇద్దరు కూర్చుంటే ఒక పూట పని. ఆ ఓపిక లేక మరిగే నీళ్లు పోస్తుంటారు కొందరు. వేడి కాస్త ఎక్కువైతే గింజ ఉడికిపోతుంది, ఎంత ఎక్కువైందో మొలవని రోజు గానీ తెలియదు. గీకడమే నమ్మకం.

గీకిన గింజలను గోరువెచ్చని మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టండి. ఉబ్బినవి పొద్దున విత్తాలి. ఉబ్బనివాటిని మళ్లీ ఒకసారి గీకి ఇంకో రాత్రి నానబెట్టండి. 24 గంటలు దాటి ఒకే నీళ్లలో ఉంచితే పులిసిన వాసన వచ్చి పాడవుతాయి.

సంచులు, మట్టి

శివరాత్రికి కాస్త అటూఇటూగా విత్తితే జులై మొదటి వారానికి మొక్క నాటడానికి సిద్ధమవుతుంది. చలి పూర్తిగా పోకముందే తొందరపడొద్దు. ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో పది డిగ్రీల కిందికి కూడా పడిపోతుంది, ఆ చలిలో గింజ కదలకుండా కూర్చుంటుంది.

ఆరు అంగుళాల వెడల్పు, తొమ్మిది అంగుళాల పొడవు నల్ల సంచులు తీసుకోండి. చిన్న సంచిలో తల్లివేరు అడుగుకు తగిలి చుట్టలు తిరుగుతుంది. అలాంటి మొక్క మొదటి ఏడాది బాగానే కనిపించి, రెండో ఏడాది గాలికి పక్కకు వాలుతుంది. సంచి అడుగు భాగంలో పది పన్నెండు రంధ్రాలు ఉండాలి. లేకపోతే తర్వాత ఉప్పుకు అలవాటు చేసే దశలో ఉప్పు బయటికి పోయే దారి ఉండదు.

వంద సంచులకు 15 లీటర్ల బకెట్లతో పది బకెట్ల మిశ్రమం పడుతుంది: ఐదు బకెట్ల చెల్క మట్టి, రెండున్నర బకెట్ల వాగు ఇసుక, రెండున్నర బకెట్ల బాగా మాగిన పశువుల ఎరువు. రేగడి మట్టి వద్దు, నీరు పట్టి మొలక మెడ దగ్గర కుళ్లుతుంది. చౌడు పొలం మట్టి ఈ దశలో అసలే వద్దు. పచ్చి ఎరువు వేస్తే వేడికి మొలక మాడుతుంది, వెంట చెదలు కూడా వస్తాయి. వీలైతే ఆ ఎరువులో, దాదాపు 20 కిలోలు ఉంటుంది, 2 కిలోల వేపపిండి, 400 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను ఆపే మేలు బూజు పొడి) కలిపి, తడిపి, గోనెపట్టా కప్పి వారం పది రోజులు నీడలో ఉంచి వాడండి. మొలకకుళ్లు చాలావరకు రాకుండానే ఆగుతుంది.

సంచికి రెండు గింజలు, సెంటీమీటరు లోతులో, పక్కకు పడుకోబెట్టి పెట్టండి. పైన పలుచగా ఇసుక చల్లి, తడిపి, 50 శాతం షేడ్‌నెట్ కింద ఉంచండి. మొలిచిన మూడు వారాలకు బలమైన మొక్కను ఉంచి రెండోదాన్ని కత్తెరతో మొదలంటా కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కూడా కదులుతుంది. ఖాళీ సంచిలోకి మార్చాలనుకుంటే రెండు ఆకులు రాకముందే, సాయంత్రం పూట మార్చాలి.

నీళ్ల దగ్గరే చాలా నర్సరీలు దెబ్బతింటాయి. చౌడు ఊళ్లో బోరు నీళ్లు కూడా ఉప్పుగానే ఉంటాయి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే, వాటర్ ప్లాంటు వాళ్లు వాడే చిన్న టీడీఎస్ మీటరు ఒకటి కొనండి, పెద్ద ఖరీదు ఉండదు. మొదటి రెండు నెలలు 500 లోపు ఉన్న నీళ్లే పోయాలి. బోరు నీళ్లు 1,000 చూపిస్తే వాననీళ్లో చెరువు నీళ్లో సగానికి సగం కలుపుకోవచ్చు. మార్చిలో రోజు విడిచి రోజు, ఏప్రిల్, మే నెలల్లో రోజూ పొద్దున, సంచి అడుగు నుంచి చుక్కలు కారేదాకా పోయండి. సాయంత్రం పోసి రాత్రంతా తడిగా ఉంచితే మెడ దగ్గర నల్లబడి పడిపోయే తెగులు వస్తుంది. వచ్చిందంటే ఆ సంచులను వేరు చేసి, చుట్టుపక్కల వాటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదలు తడిచేలా పోయండి.

ఆకులు సిగరెట్టులా చుట్టుకుపోయి ఉంటే లోపల ఆకుచుట్టు పురుగు ఉంటుంది, బెండ మీద వచ్చేదే. వంద మొక్కలకు మందు అవసరం లేదు, చుట్టను చేత్తో నలిపేయండి. పిండినల్లికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు పొడి కలిపి ఆకు అడుగు వైపు తడిచేలా కొట్టాలి. మూడు వారాలకొకసారి సంచులను లేపి పక్కకు జరపండి. అడుగు రంధ్రాల నుంచి నేలలోకి దిగిన వేర్లు తెగుతాయి, మొక్క ఒక రోజు వాడినా తేరుకుంటుంది. ఇది మానేస్తే నాటే రోజు సంచి లేపగానే సగం వేరు నేలలోనే ఉండిపోతుంది.

ఉప్పుకు అలవాటు చేయడం

నాటబోయే నేల కొద్దిపాటి చౌడే అయితే ఈ పని అక్కర్లేదు. తెల్లగా పొర కట్టే నేలకైతే తప్పనిసరి. మే ఎండలో మొదలుపెట్టొద్దు, మొక్కకు ఒకేసారి రెండు కష్టాలు. మృగశిర కార్తె వచ్చి మబ్బు పట్టాక, మొక్క అడుగు ఎత్తు దాటాక మొదలుపెడితే పునర్వసు కార్తెకు పూర్తవుతుంది. షేడ్‌నెట్ కూడా ఆ మొదటి వారంలోనే, ముందు పొద్దుటి పూట, తర్వాత రోజంతా తీసేయాలి.

దొడ్డు ఉప్పు వాడండి. లీటరుకు గ్రాము ఉప్పు కలిపితే ఈసీ సుమారు 2 డెసీసైమన్లు పెరుగుతుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాములు ఉంటుంది, మనం అందులో తొమ్మిదో వంతు దాకా కూడా పోనక్కర్లేదు. మొదటి వారం పది లీటర్ల బకెట్‌కు 10 గ్రాములు, రెండో వారం 20, మూడో వారం 30, నాలుగో వారం 35. వారానికి రెండుసార్లు మాత్రమే ఈ నీళ్లు, మిగతా రోజులు మంచినీళ్లు. ఒక్కో సంచికి పావు లీటరు, అడుగు నుంచి కారాలి. ఆకుల మీద పడకుండా మొదట్లో పోయండి. మధ్యలో పెద్ద వాన పడి సంచులన్నీ కడిగినట్టయితే వచ్చే వారం కూడా అదే మోతాదు, పెంచొద్దు.

ఇంతకంటే మంచి పద్ధతి ఒకటుంది: నాటబోయే చోటి బోరు నీళ్లే తెచ్చి, మొదటి వారం పావు వంతు, తర్వాత సగం, ముప్పావు, చివరికి మొత్తం. ఆ నేలలో సోడియంతోపాటు ఏ లవణాలు ఉన్నాయో వాటికే మొక్క అలవాటు పడుతుంది. ఉత్త ఉప్పు ఆ పని చేయలేదు.

పాత ఆకుల అంచులు గోధుమ రంగులో మాడుతుంటే ఉప్పు ఎక్కువైంది. రెండు మూడు ఆకులైతే మామూలే. కొత్త ఆకులకు కూడా పాకితే ఆపి, ఒక్కో సంచికి లీటరు చొప్పున మంచినీళ్లు రెండు రోజులు వరుసగా పోసి, వారం ఆగి, ఒక మెట్టు కింది నుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఈ దశలో వందలో పదో పదిహేనో వెనకబడిపోతాయి. వాటిని చౌడులో నాటకుండా మంచి నేలకు ఉంచుకోండి.

నాటడం

తొలకరి పడగానే నాటాలన్న తొందర ఇక్కడ కీడు చేస్తుంది. ఎండాకాలమంతా పైకి తేలిన ఉప్పు మొదటి వానకు కరిగి సరిగ్గా వేరు లోతుకే దిగుతుంది. రెండు మూడు గట్టి వానలు పడి, పై తెల్లదనం పోయి, ఉప్పు ఇంకా కిందికి వెళ్లాకే నాటాలి. మన దగ్గర మామూలు ఏడాదిలో అది పునర్వసు, పుష్యమి కార్తెలు. ఆగస్టు సగం దాటితే వేరు దిగడానికి మిగిలే వానలు తక్కువ.

నీడ చెట్లుగా కావాలంటే ఐదారు మీటర్ల దూరం, గాలికి అడ్డంగా వరుస కావాలంటే మూడు మీటర్లు. గుంత ఒకటిన్నర అడుగుల పొడవు, వెడల్పు, లోతు. పాలచౌడులో తవ్విన మట్టికి 5 కిలోల మాగిన ఎరువు, 200 గ్రాముల వేపపిండి కలిపి నింపండి. జిప్సం ఇక్కడ దండగ. అది పనిచేసేది సోడియం అంటుకున్న కారుచౌడులోనే, పాలచౌడులో ఉన్న ఉప్పుకు ఇంకొంత చేర్చినట్టవుతుంది. పాలచౌడుకు మందు మురుగు కాల్వ: వరుస పక్కనే రెండు అడుగుల లోతు కాల్వ తీసి, పల్లం వైపు నీరు పోయేలా చేస్తే వాన చేసే పని ఇంకేదీ చేయలేదు.

కారుచౌడులో, 9 లోపు అయితే, కర్నాల్‌లోని కేంద్ర చౌడు నేలల పరిశోధన సంస్థ పద్ధతి మేలు. ఆగర్‌తో (మట్టిని తొలిచే బర్మాతో) జానెడు కన్నా కాస్త తక్కువ వెడల్పు, నాలుగు అడుగుల లోతు బొరియ వేసి, తీసిన మట్టికే 3 కిలోల జిప్సం, 8 కిలోల ఎరువు కలిపి నింపి, నీళ్లు పెట్టి వారం ఆగి నాటుతారు. అంత లోతు ఎందుకంటే కింద సున్నపు గడ్డల పొర ఉంటే దాన్ని దాటాలి. మామూలు గుంతలో వేరు ఆ పొర దాకా పోయి ఆగిపోతుంది.

జాలు భూమిలో గుంత తవ్వితే దాంట్లోకి ఉప్పునీరే ఊరుతుంది. అక్కడ అడుగున్నర ఎత్తు, నాలుగు అడుగుల వెడల్పు మట్టిదిబ్బ పోసి దాని మీద నాటాలి. దిబ్బ నెత్తిన కాకుండా భుజం మీద, అంటే పైనుంచి మూడో వంతు కిందికి, ఏటవాలు మీద పెట్టండి. పక్క నుంచి తడి పైకి ఎక్కి ఆవిరయ్యే చోటు దిబ్బ నెత్తే, ఉప్పంతా పోగయ్యేదీ అక్కడే. ఏప్రిల్‌లో అలాంటి దిబ్బను చూస్తే నెత్తిన తెల్లటి పొర స్పష్టంగా కనిపిస్తుంది.

సంచిని బ్లేడుతో నిలువునా చీల్చి, మట్టిగడ్డ చెదరకుండా దించండి. అడుగున చుట్ట తిరిగిన వేరు ఉంటే అంగుళం మేర కోసేయండి. సంచిలో ఉన్నంత లోతే నేలలోనూ. మెడను మట్టిలో పూడిస్తే ఉప్పు సరిగ్గా అక్కడే కోస్తుంది. చుట్టూ మూడు నాలుగు అంగుళాల మందం వరిగడ్డి పరచండి, మొదలుకు మాత్రం నాలుగు వేళ్ల దూరం వదలండి. ఈ గడ్డి ఎండను ఆపితే ఉప్పు పైకి రావడం కూడా ఆగుతుంది.

మొదటి రెండేళ్లు

మేకలకు గంగరావి ఆకు ఇష్టం. కంచె లేకుండా నాటొద్దు, అంతే.

వానలు ఆగాక యాసంగిలో పది రోజులకొకసారి, ఏప్రిల్, మే నెలల్లో ఐదారు రోజులకొకసారి ఒక్కో మొక్కకు 20 లీటర్లు పోయండి. రోజూ చెంబెడు పోయడం ఇక్కడ హాని. ఆ కొద్ది నీరు పైపైనే ఆవిరై తన ఉప్పును వేరు దగ్గరే వదిలిపోతుంది. దూరం దూరంగా పోసినా నిండుగా పోస్తే ఉప్పు వేరును దాటి కిందికి పోతుంది. పోసేది మొదలు దగ్గరే పోయాలి. డ్రిప్ పెడితే చుక్క మొదలుకు జానెడు దూరంలోపే పడాలి, ఎందుకంటే తడి అంచున ఉప్పు తెల్లటి వలయంగా పేరుకుంటుంది. ఆ వలయం మొక్కకు అవతల ఉండాలి. ఎండాకాలం మధ్యలో చిన్న జల్లు పడిన రోజు డ్రిప్ ఆపకండి. ఆ జల్లు వలయంలోని ఉప్పును లోపలికి నెడుతుంది, డ్రిప్ నడుస్తుంటే అది వేరు దాకా రాదు.

కొత్త ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఉప్పు దెబ్బ కాదు, ఇనుపధాతు లోపం. ఉదజని సూచిక ఎక్కువున్న నేలల్లో మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు అప్పటికప్పుడు కలిపి, సాయంత్రం పూట, వారం తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయండి. కలిపి నిలవ ఉంచితే తుప్పు రంగు తిరిగి పనికిరాకుండా పోతుంది. పాత ఆకుల అంచులు మాడితే ఉప్పు, మొక్క మొత్తం మధ్యాహ్నం వాలి పొద్దునకు లేస్తే దాహం, పొద్దున కూడా లేవకపోతే వేరు చూడాలి: నల్లగా మెత్తగా ఉంటే నీరు నిలిచి కుళ్లింది, మట్టి గొట్టాలు కట్టి ఉంటే చెదలు.

మంచి నేలలో ఏడాదికి మీటరు పైన పెరిగే చెట్టు చౌడులో అందులో సగం పెరిగినా సంతోషించాలి. మొదటి ఏడాది కొమ్మలు కోయకండి. కింది ఆకుల నీడ మొదలు దగ్గరి మట్టిని చల్లగా ఉంచుతుంది. రెండో వానాకాలంలో మోకాలి ఎత్తు దాకా కింది కొమ్మలు తీసేయవచ్చు, అవి మేకలకు మేత.

పచ్చి కొమ్మ నరికి పాతినా గంగరావి బతుకుతుంది, కంచెకు చాలామంది అలాగే చేస్తారు. కానీ కొమ్మ నుంచి వచ్చిన చెట్టుకు తల్లివేరు ఉండదు. పై మట్టిలోనే వేళ్లూనుకుని, ఉప్పు ఎక్కువగా ఉండే పొరలోనే తిరుగుతుంటుంది. గింజ మొక్క వేరు ఆ పొరను దాటి పోతుంది.

నాటిన వాటిలో కొన్ని మొదటి ఎండాకాలం పోతాయి. అందుకే వందకు పాతిక సంచులు అదనంగా పెంచి, పన్నెండు అంగుళాల పెద్ద సంచుల్లోకి మార్చి, తర్వాతి జులై దాకా నర్సరీలో ఉంచుకోండి. ఖాళీ పడిన గుంతలో వెంటనే పెట్టకుండా, ముందు అక్కడి మట్టిని జానెడు లోతు నుంచి తీసి నాలుక కొసకు అంటించి చూడండి. మిగతా గుంతల కన్నా ఉప్పగా ఉంటే మురుగు కాల్వ అక్కడికి అందడం లేదన్నమాట. కాల్వను అటు పొడిగించి, ఒక వానాకాలం గడిచాకే మళ్లీ నాటండి.